రాణిగంజ్‌ల మంచు

లారీల మీద కప్పే తాడిపత్రీలు కుట్టుడు నా పని.
రాణిగంజ్ గల్లీల, బేరింగుల దుకాణం పక్కకు,
మిషను, నేను, ఒక గోనెపట్టా.
మంచు అంటే నాకు
చేపల బండి మీది గడ్డలే.

మే నెల. మిట్టమధ్యాన్నం. కరెంటు లేదు.
తౌసీఫ్ అనే పిలగాడు ఉబ్బిన కోటొకటి తెచ్చి
"మోచెయ్యి కాడ చినిగింది, కుడతవా అక్కా" అన్నడు.
కత్తెర మొన తాకిందో లేదో
బుస్సున లేచినయి ఈకలు.
చాయ్ గిలాసల, కనురెప్పల మీద,
చెమట పట్టిన మెడకు అతుక్కుని తెల్లగ.
ఎదురుంగ సేటు
"కోళ్ల దుకాణం ఎప్పుడు పెట్టినవ్?" అని నవ్విండు.

అక్కడ ఉమ్మితే
నేల మీద పడేలోపు గడ్డకడతదట.
రాత్రి నీళ్ల సీసాను
చంటిపిల్ల లెక్క పక్కల పండబెట్టుకుంటరట.
నేను కోటు లోపలికి చెయ్యి పెట్టి చూసిన.
నలభై మూడు డిగ్రీలల్ల
నా అరచెయ్యి ఉడికిపోయింది.

అప్పటిసంది వస్తనే ఉన్నరు.
డేరాలు, సంచులు, పిక్కలకు చుట్టే పట్టీలు.
కొండల్ని నేను చిరుగులల్ల చదువుకున్న.
సన్నగ, పొడుగ్గ చీరుకపోతే
బూట్ల కింది ఇనుప పండ్లు.
అంచులు నల్లగ ముడుచుకుంటే
డేరాల స్టవ్వు, నిద్రమత్తు.
ఒక్క భుజం పట్టీయే అరిగితే
ఎవరో పక్కోని బరువు గూడ మోసిన్రు.
మోకాళ్ల కాడ పోగులు లేస్తే మాత్రం
నేనేం అడగ.
మనుషులు మోకాళ్ల మీద ఎప్పుడు పోతరో నాకెరుకే.

నేనెక్కిన గుట్ట ఒక్కటే, మౌలాలి.
అది గూడ ఎక్కలే,
నాయన మెడమీద కూసుని పోయిన.
దిగినంక ఆయన మోకాళ్లకు
అమ్మ ఉప్పుకాపడం పెట్టింది.
నాకు యాదికున్నది గాలి ఒక్కటే.

మొన్న ఆషాఢంల, ముసురు.
లాలాగూడ రైల్వే బడిల ఆటలు నేర్పే రూత్ టీచరు
నీలం సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.
అడుగున రెండు తూట్లు.
గుండ్రంగ, పక్కపక్కన, కత్తితోని కోసినయి.
పండ్లు కాదు, మంట కాదు, ఎలుక అసలే కాదు.
నా చదువు అక్కడ ఆగిపోయింది.

"ఏందమ్మా ఇవి?"
"కాళ్లకు."
"ఎవరి కాళ్లు?"
"నావి."

ఊపిరితిత్తులల్ల నీళ్లొచ్చినయట.
శిఖరం ఎదురుంగనే ఉన్నదట,
తాళం వేసిన పక్కింటి గేటు లెక్క.
సామాన్లు మోసే దిల్‌మన్, ఇంటిపేరు తెల్వది,
సంచిలున్నదంత మంచు మీద కుమ్మరిచ్చి
అడుగున రెండు తూట్లు కోసి
ఆమె కాళ్లు అందుల్నుంచి బయటికి గుంజి
వీపుకేసుకున్నడట.
యాభై ఎనిమిది కిలోల టీచరమ్మను
పొద్దుగూకేదాంక, రాళ్ల మీద, వాగు మీద.
మధ్యల ఒక్కసారి బీడీ తీసి
ఆమె దగ్గు ఇని
మల్ల జేబుల పెట్టుకున్నడట.
విజిల్ ఊది రెండొందల మంది పిల్లల్ని ఉరికిచ్చే మనిషి
ఆ దినం "ఆగు" అనేటందుకు గూడ గాలి చాలలేదట.

"కొసకు పోలేదు కద, మరేం చూసినవ్?" అన్న.
జర సేపు సోంచాయించింది.
"ఆయన చెవు ఎనకాల పుట్టుమచ్చ" అన్నది.

తూట్లు మూయమన్నది. సరేనన్న.
నైలాను బట్టవి రెండు బిళ్లలు కోసిన.
సగం దాంక గట్టిగ కుట్టి
మిగిలిన సగానికి
తాడిపత్రీలకు కొట్టే ఇత్తడి గుండీలు కొట్టిన.
"ఇదేంది, మూయమంటే?"
"మూసిన. కావాలంటే తెరుసుకుంటది.
కాళ్లు నీ ఒక్కదానికే ఉన్నయా?"

ఆమె పిడికిలి లోపలికి పెట్టింది, తీసింది,
మల్ల పెట్టింది.
ఎనభై అడిగిన. వంద ఇచ్చి
చిల్లర కోసం నిలబడ్డది, టీచరమ్మే కద.

ఆమె పోయినంక మిషను కింద ఊడ్చిన.
మే నెల ఈక ఒకటి
నూనె తాగి నల్లగయ్యి
బాబిన్ సందుల ఇంకా ఉన్నది.
తీద్దామని వంగిన.
బయట లారీ ఆయన, తాడిపత్రి కోసం,
హారన్ మీద చెయ్యి తీస్తలేడు.